ఆపరేషన్ అయిపోయింది, మరి వైద్యం ఎప్పుడు?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల గౌరవ వైద్య ఆరోగ్య శాఖ మంత్రులకు,
డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ ట్రస్టు, ఆరోగ్యశ్రీ హెల్త్ కేర్ ట్రస్టు ఉన్నతాధికారులకు,



వెన్నుపాము దెబ్బతిని నడుము కింద చచ్చుబడిన మనిషిని మన వ్యవస్థ మొదట అడిగే ప్రశ్న ‘ఎలా జరిగింది?’ అని. లారీ గుద్దిందా, మోకు తెగి తాటిచెట్టు మీంచి పడ్డాడా, సెంట్రింగ్ కర్ర విరిగిందా, వెన్నుకు టీబీ పట్టిందా, లోపల గడ్డ లేచిందా? జవాబును బట్టి ఫైలు ఒక్కో శాఖకు పోతుంది. ఏ శాఖకు పోయినా అన్ని ఫైళ్ళూ ఒకే చోట ఆగిపోతాయి: కుట్లు విప్పి డిశ్చార్జి కాగితం చేతికిచ్చిన రోజున. ఆ రోజుతో చికిత్స పూర్తయినట్టే మీ పథకాలు లెక్క కడుతున్నాయి. ఆ లెక్కను నేను ఒప్పుకోలేను. ఒప్పుకోకూడదని మీకు చెప్పడానికే ఈ లేఖ.

మీ శాఖల్లో పనిచేసే ఏ న్యూరోసర్జన్‌ను అడిగినా చెబుతారు, రాడ్లు, స్క్రూలు విరిగిన పూసను నిలబెడతాయి గాని నలిగిన వెన్నుపామును తిరిగి బతికించలేవని. ఆపరేషన్ అవసరమే, కాదనడం లేదు. కానీ ఆ తర్వాత ఆ మనిషి ఎన్నేళ్ళు బతుకుతాడు, ఎలా బతుకుతాడు అన్నది తేలేది ఆపరేషన్ థియేటర్లో కాదు. మూత్రం ఎలా పోసుకోవాలి, చర్మాన్ని ఎలా కాపాడుకోవాలి, మంచం మీంచి చక్రాల కుర్చీలోకి ఎలా మారాలి, మళ్ళీ ఏ పని చేసుకుని తిండి సంపాదించుకోవాలి అన్నవి నేర్పే వార్డులో తేలుతుంది. ఆ వార్డు మీ జిల్లా ఆసుపత్రుల్లో ఎక్కడ ఉంది?

మూత్రం సంగతే చూడండి. వెన్నుపాము తెగినవాడికి మూత్రాశయం నిండిందన్న కబురు మెదడుకు అందదు. లోపల ఒత్తిడి పెరిగి మూత్రం కిడ్నీల్లోకి ఎదురు తంతుంది. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి సన్నటి గొట్టం పెట్టుకుని తనంతట తానే మూత్రం తీసేసుకుంటే కిడ్నీలు ఏళ్ళ తరబడి పదిలంగా ఉంటాయి. దీనికి ఆపరేషన్ థియేటరంత శుభ్రత కూడా అక్కర్లేదని, సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలునని అమెరికాలో డాక్టర్ జాక్ లాపిడెస్ 1972లోనే చెప్పారు. అర్ధ శతాబ్దం దాటింది. అయినా మన దగ్గర వెన్నుపాము రోగి ఇంటికి చేరేది పక్కన వేలాడే సంచితో, ఎప్పుడు మార్చాలో ఎవరూ చెప్పని పైపుతో. ఆ పైపు వెంటే ఇన్‌ఫెక్షన్, జ్వరం, రాళ్ళు, చివరికి కిడ్నీల జబ్బు.

చర్మం సంగతీ అంతే. మనకు ఒకే వైపు పడుకుంటే నొప్పి పుడుతుంది, నిద్రలోనే ఒత్తిగిలుతాం. స్పర్శ తెలియనివాడికి ఆ హెచ్చరిక రాదు. కొన్ని గంటల ఒత్తిడికే పిర్ర మీద, మడమ మీద చర్మం కమిలి, రోజుల్లో ఎముక కనిపించేంత పుండు పడుతుంది. మంచం మీద రెండేసి గంటలకు తిప్పాలి. కుర్చీలో కూర్చుంటే పావుగంటకో అరగంటకో చేతుల మీద ఒళ్ళు పైకి లేపుకోవాలి. దీన్ని రోగికీ, ఇంటివాళ్ళకూ దగ్గరుండి నేర్పాలి, చేయించి చూడాలి. ఒక కాగితం మీద రాసిస్తే వచ్చే విద్య కాదిది.

ఛాతీ పైభాగంలోనో మెడలోనో దెబ్బతిన్నవాళ్ళకు ఇంకో ప్రమాదం ఉంది. మూత్రం పైపు మడతపడినా, విరేచనం కాక కడుపు బిగిసినా బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. తల పగిలేంత నొప్పి, ముఖమంతా చెమటలు. వెంటనే లేపి కూర్చోబెట్టి, పైపు సరిచేస్తే చాలావరకు దిగిపోతుంది. తెలియకపోతే మెదడులో రక్తనాళం చిట్లి ప్రాణం పోవచ్చు. ఈ లక్షణాలు గుర్తుపట్టగల సిబ్బంది మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఎంతమంది ఉన్నారో ఒకసారి అడిగి తెలుసుకోండి.

ఇదంతా పుస్తకాల్లో చదివి రాస్తున్నది కాదు. మా చిన్నాన్న కొడుకు కొబ్బరి దింపు పనికి వెళ్ళి చెట్టు మీంచి పడ్డాడు. ఆసుపత్రి పేరు ఇక్కడ రాయను. ఆ డాక్టర్లు తమ చేతిలో ఉన్న పని శ్రద్ధగానే చేశారు. డిశ్చార్జి కాగితం చివర ‘ఫిజియోథెరపీ చేయించుకోవాలి’ అని ఒక్క ముక్క రాసి ఉంది. ఎక్కడ చేయించాలి? ఎవరు చేస్తారు? ఎన్నాళ్ళు? మా పిన్నికి ఎవరూ చెప్పలేదు. ఊళ్ళో ఆర్‌ఎంపీ వచ్చి కాళ్ళకు నూనె రాసి వంచి చూసి వెళ్ళేవాడు. వీపు తిప్పి చూడాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు, ఎందుకంటే ఎవరూ చెప్పలేదు. పుండు వాసన వచ్చాక తెలిసింది. వాణ్ణి మళ్ళీ ఆసుపత్రికి మోసుకెళ్ళింది ఆ పుండు కోసం, వెన్ను కోసం కాదు. ఆ పుండు ఆ కుటుంబం తప్పా? నేర్పకుండా పంపిన వ్యవస్థదా?

ఇప్పుడు మీరు అడిగే ‘ఎలా జరిగింది’ అన్న ప్రశ్న దగ్గరికి వస్తాను.

రోడ్డు ప్రమాదమైతే కేంద్రం 2025 మే నెలలో నోటిఫై చేసిన నగదు రహిత చికిత్స పథకం ఉంది. ప్రమాదం జరిగిన రోజు నుంచి గరిష్ఠంగా ఏడు రోజులు, లక్షన్నర రూపాయల దాకా. ప్రాణం నిలబెట్టడానికి అది మంచి ఏర్పాటే. వెన్నుపాము గాయానికి ఏడు రోజులంటే ఇంకా ఆరంభం. ఆ తర్వాత మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్, వాయిదాలు, బీమా కంపెనీ వకీళ్ళు. పరిహారం చేతికొచ్చేసరికి పునరావాసానికి విలువైన తొలి నెలలు దాటిపోతాయి.

గీత కార్మికుడికి ఎక్స్‌గ్రేషియా ఉంది. తెలంగాణలో 2024 జులైలో కాటమయ్య రక్ష కవచం పేరుతో భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టారు. పడకుండా ఆపే ఆ పనిని మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను. కానీ ఇప్పటికే పడిపోయినవాడి చేతిలో పెట్టే డబ్బు అప్పులకే సరిపోతుంది. డబ్బు ఇచ్చినంత మాత్రాన కుర్చీలోకి మారడం ఎలాగో వాడికి ఎవరు నేర్పుతారు? భవన నిర్మాణ కార్మికుడి పేరు సంక్షేమ బోర్డులో నమోదై ఉంటే ఒక దారి, లేకపోతే ఏ దారీ లేదు. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి వలస వెళ్ళి వేరే రాష్ట్రంలో పడినవాడి గతి ఏమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ప్రమాదమే జరగనివాళ్ళ మాటేమిటి? ప్రపంచంలోని టీబీ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. అందులో కొందరికి టీబీ వెన్నుపూసకు పడుతుంది. నెలల తరబడి నడుం నొప్పి అని ఆయింట్‌మెంట్లు రాసుకుని, ఇంజెక్షన్లు వేయించుకుని, చివరికి కాళ్ళు తడబడ్డాక స్కానింగ్‌కు వస్తారు. ఏడాదికి తగ్గకుండా మందులు వాడాలి. పౌష్టికాహారానికి నెలకు 1,000 రూపాయలు వస్తాయి. కాళ్ళు పడిపోయిన టీబీ రోగి మళ్ళీ లేచి నడిచే అవకాశం, చెట్టు మీంచి పడి వెన్నుపాము పూర్తిగా తెగినవాడి కంటే చాలా ఎక్కువ. అలాంటి రోగికి కండరాలు బిగుసుకుపోకుండా, పుండ్లు పడకుండా ఆ ఏడాది పాటు చూసుకునే చోటు ఉంటే ఎంతమంది తిరిగి పొలానికి, బడికి వెళ్ళేవారు! ప్రమాదాల్లో గాయపడినవాళ్ళతో పోలిస్తే, గడ్డలు, వెన్నుపాము వాపు, రక్తనాళాల జబ్బులతో కాళ్ళు చచ్చుబడినవాళ్ళలో ఆడవాళ్ళు, పెద్ద వయసువాళ్ళు ఎక్కువ. ప్రమాదం కాదు కాబట్టి వాళ్ళకు పరిహారం లేదు, యూనియన్ లేదు, వార్తా లేదు.

మన నేలకే చెందిన ఒక కారణం ఉంది. నేటి ప్రకాశం జిల్లా ప్రాంతం అప్పటి నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, 1937లోనే, అక్కడి ఫ్లోరోసిస్‌ను వైద్యులు నమోదు చేశారు. ఆ తర్వాత నల్లగొండ. నీళ్ళలోని ఫ్లోరైడ్ ఎముకను అడ్డదిడ్డంగా పెంచి, వెన్నుపాము పోయే దారిని ఇరుకు చేసి, లోపలి నరాన్ని నొక్కేస్తుందని డాక్టర్ డి. రాజారెడ్డి వంటి మన న్యూరోసర్జన్లు దశాబ్దాల కిందటే వివరించారు. ప్రభుత్వాలు దశాబ్దాల పాటు మంచినీళ్ళు ఇవ్వలేకపోయినందువల్ల నడుము వంగినవాళ్ళు వాళ్ళు. వాళ్ళకు పునరావాసం బాకీ పడినది ఎవరు?

వెన్నుపాము నలిగింది లారీ కిందనా, చెట్టు కిందనా, చీము ఒత్తిడికా, పెరిగిన ఎముక ఒత్తిడికా అన్నది సర్జనుకు కావాలి. మందులు నిర్ణయించడానికి కావాలి. కోలుకునే పాళ్ళు అంచనా వేయడానికీ కావాలి. కానీ చర్మానికి, మూత్రాశయానికి, కిడ్నీకి కారణంతో పనిలేదు. వాటికి కావలసిన సంరక్షణ అందరికీ ఇంచుమించు ఒకటే. అలాంటప్పుడు పునరావాసం మాత్రం కారణాన్ని బట్టి, కార్డును బట్టి, కలిసొచ్చిన అదృష్టాన్ని బట్టి ఎందుకు అందాలి?

సాధ్యం కాదనే మాట దయచేసి అనవద్దు. మొదటి ప్రపంచ యుద్ధంలో వెన్నుపాము తెగిన సైనికుల్లో అత్యధికులు కొద్ది కాలంలోనే పుండ్లతో, మూత్రం ఇన్‌ఫెక్షన్లతో చనిపోయారు. 1944 ఫిబ్రవరిలో ఇంగ్లాండులోని స్టోక్ మాండెవిల్‌లో డాక్టర్ లుడ్విగ్ గుట్‌మాన్ ఒక వార్డు తెరిచి, రోగులను రాత్రింబవళ్ళు రెండేసి గంటలకు తిప్పించి, మూత్రం సంగతి దగ్గరుండి చూసి, వాళ్ళను పనిలోకి, ఆటలోకి దించారు. 1948 జులైలో ఆ ఆసుపత్రి పచ్చికలో 16 మంది విల్లు పట్టిన పోటీయే పెరిగి పెరిగి పారాలింపిక్స్ అయింది. అక్కడ కొత్తగా కనిపెట్టిన మందేమీ లేదు. శిక్షణ పొందిన నర్సులు, పట్టుదల ఉన్న డాక్టరు, ఒక వార్డు ఉన్నాయి.

అంత దూరం ఎందుకు? చిత్తూరు, తిరుపతి జనం కష్టమొస్తే వెళ్ళే వేలూరులో పనిచేసిన డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో రోడ్డు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడ్డారు. తాను చక్రాల కుర్చీలో కూర్చుని కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. న్యూయార్క్ వెళ్ళి పునరావాస వైద్యం చదువుకుని తిరిగొచ్చి, 1966లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి (సీఎంసీ) అనుబంధంగా పునరావాస కేంద్రాన్ని నిలబెట్టారు. అక్కడ రోగితో పాటు తోడు వచ్చిన మనిషికీ నేర్పుతారు, పాత రోగులను ఏటా మళ్ళీ పిలిచి చూస్తారు. ఆరు దశాబ్దాలుగా మన పొరుగు రాష్ట్రంలో జరుగుతున్న పని మన జిల్లాల్లో ఎందుకు జరగదు?

జరగకుండా పోవడానికి ఒక కారణం మీ చేతుల్లోనే ఉంది. మెడికల్ కాలేజీలో పునరావాస వైద్య విభాగం ఉండి తీరాలని 2020 నిబంధనలు చెప్పాయి. 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ ఇచ్చిన కొత్త నిబంధనల్లో తప్పనిసరి విభాగాల జాబితా నుంచి దాన్ని తీసేశారు. నెల తిరక్కుండానే, 2023 సెప్టెంబర్ 15న, ఆంధ్రప్రదేశ్‌లో ఐదు, తెలంగాణలో తొమ్మిది ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఒకే రోజు ప్రారంభమయ్యాయి. ఆ రోజు రెండు రాష్ట్రాల్లోనూ వేరే ప్రభుత్వాలు ఉన్నాయని నాకు తెలుసు. కాలేజీలు మాత్రం ఇప్పుడు మీవి. కమిషన్ తప్పనిసరి కాదని అన్నదే తప్ప పెట్టవద్దని అనలేదు. విజయనగరంలో, నంద్యాలలో, ఏలూరులో, మీ ప్రతి కొత్త కాలేజీలో ఈ విభాగం పెట్టుకోవడానికి మీకు అడ్డుపడుతున్నది ఎవరు? ఎంబీబీఎస్ చదివే పిల్లవాడు ఐదున్నరేళ్ళలో ఒక్కసారైనా వెన్నుపాము రోగి వీపు తిప్పి చూడకుండా డాక్టరై బయటికి వస్తే, రేపు ఆ పీహెచ్‌సీలో ఆ రోగిని ఎవరు కాపాడతారు?

డబ్బు లేదంటారేమో. వికలాంగుల హక్కుల చట్టం, 2016లోని 27వ సెక్షన్ పునరావాస సేవలు ప్రభుత్వాల, స్థానిక సంస్థల బాధ్యత అంటూనే, ఆర్థిక స్తోమత మేరకు అన్న మాట కలిపింది. ఆ మాట వెనక దాక్కోవద్దని నా మనవి. 2007లో మన దేశం ఆమోదించిన ఐక్యరాజ్యసమితి ఒడంబడిక 26వ అధికరణం పునరావాసం వీలైనంత తొందరగా మొదలవ్వాలని చెబుతోంది. పైగా మీరు ఇప్పుడు ఖర్చు పెట్టడం లేదా? కిడ్నీలు పాడైతే డయాలసిస్‌కు మీ పథకాలే డబ్బు కడుతున్నాయి. పుండు ముదిరి రక్తం విషమైతే ఐసీయూ పడక మీ ఆసుపత్రిదే. కిడ్నీ పోయాక డయాలసిస్ ఇవ్వగలిగిన ప్రభుత్వం, కిడ్నీ పోకుండా చూసే క్యాథెటర్ ఇవ్వలేదా? వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ళు మిగతావాళ్ళ కంటే అకాలంగా చనిపోయే అవకాశం రెండు నుంచి ఐదు రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ మరణాల్లో ఆపగలిగినవి చాలా ఉన్నాయని కూడా అదే సంస్థ చెబుతోంది.

పింఛను మాట కూడా అనాలి. మంచానికే, చక్రాల కుర్చీకే పరిమితమైన వాళ్ళకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో నెలకు 15,000 రూపాయలు చేసింది. అది మంచి నిర్ణయం, ఎన్నో ఇళ్ళలో పొయ్యి వెలిగించింది. తెలంగాణలో వికలాంగుల పింఛను 2023లో 4,016 రూపాయలు అయింది. మంచం మీద ఉన్న మనిషికి డైపర్లు, దూది, మందులు, తోడు మనిషి కూలి కలిపి లెక్కవేసి, ఆ డబ్బు ఎన్ని రోజులకు వస్తుందో అధికారులే చెప్పాలి. అయితే పింఛను ఎంత పెంచినా అది పునరావాసానికి బదులు కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆరంభంలో ఈ పింఛన్ల తనిఖీకి డాక్టర్ల బృందాలు మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళాయి. అర్హత తేల్చడానికి గడప దాకా వెళ్ళగలిగిన డాక్టరు, వీపు మీద పుండు ఉందేమో చూడ్డానికి, కిడ్నీలు ఎలా ఉన్నాయో పరీక్షించడానికి ఏడాదికి ఒకసారి ఎందుకు వెళ్ళలేడు?

ఇంటి లోపలి సంగతి బయట ఎవరూ మాట్లాడరు. గాయపడిన మగవాడిని చూసుకోవడానికి భార్యో తల్లో కూలి మానుకుంటుంది. ఒక్క గాయం రెండు సంపాదనలను తీసేస్తుంది. గాయపడింది ఆడమనిషైతే, ఎంతో మందిని పుట్టింట్లో దింపేసి పోతారు. నెలసరి రోజుల్లో ఆమె ఇబ్బంది అడిగేవాళ్ళు ఉండరు. కొత్తగా పెళ్ళయిన కుర్రవాడు తనకు పిల్లలు పుడతారా అని ఎవరిని అడగాలి? పునరావాస వార్డులో ఈ ప్రశ్నకు జవాబు ఉంటుంది. గాయపడిన చాలామందికి దాంపత్యమూ, సంతానమూ వైద్య సాయంతో సాధ్యమే. జవాబు చెప్పే మనిషి దొరకక, అడగలేక, చావు గురించి ఆలోచించే కుర్రవాళ్ళు ఉన్నారు. వాళ్ళ మాట వినడం కూడా మీ శాఖ పని.

చక్రాల కుర్చీ పంచడం పునరావాసం అనుకోవద్దు. శిబిరం పెట్టి, ఫొటో తీసి, అందరికీ ఒకే కొలత ఇనుప కుర్చీ ఇచ్చి పంపితే అది నెల తిరిగేసరికి ఇంటి వెనక గోడకు ఆనించి ఉంటుంది. మనిషి నడుము కొలతకు తగ్గ కుర్చీ, పుండు పడకుండా ఆపే మెత్త, దాన్ని గడప దాటించడం నేర్పే శిక్షణ కలిస్తేనే ఆ కుర్చీ కాళ్ళ పని చేస్తుంది.

నేను అడుగుతున్నది మీ చేతనైన పనే. రెండు రాష్ట్రాల్లోనూ ఉమ్మడి జిల్లాకు ఒకటి చొప్పున ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో వెన్నుపాము పునరావాస వార్డు తెరవండి. పునరావాస వైద్యుడు, ఫిజియోథెరపిస్టు, ఆక్యుపేషనల్ థెరపిస్టు, కౌన్సెలర్, ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులు అక్కడ ఉండాలి. వారాల తరబడి ఉంచి నేర్పే ఆ వైద్యానికి మీ పథకాల్లో ప్యాకేజీ పెట్టండి. ఆ ప్యాకేజీ దరఖాస్తులో ‘ఎలా జరిగింది’ అన్న గడి డబ్బు నిర్ణయించడానికి ఉండకూడదు. తోడు వచ్చిన మనిషికి తిప్పడం, గొట్టం పెట్టడం, పుండు గుర్తుపట్టడం నేర్పామని నర్సు సంతకం చేయకుండా ఏ రోగినీ ఇంటికి పంపవద్దు. ఇంటికి వెళ్ళాక క్యాథెటర్లు నెలనెలా పల్లె దవాఖానాలో, విలేజ్ క్లినిక్‌లో దొరకాలి. పనిలో పడినవాడికి మళ్ళీ ఏ పని చేయగలడో చూపించే బాధ్యత కార్మిక శాఖతో కలిసి మీరు తీసుకోవాలి.

వచ్చే బడ్జెట్ సమావేశాలు ముగిసేలోగా, ఎన్ని పడకలు, ఏ ఊళ్ళో, ఏ తేదీకి అన్న మూడు సంగతులు శాసనసభల్లో రాతపూర్వకంగా ప్రకటించవలసిందిగా రెండు ప్రభుత్వాలనూ కోరుతున్నాను.

ఇట్లు,
వెన్నుపాము గాయపడినవాడున్న ఒక కుటుంబంలోని మనిషి